ముగ్గు పడని వీధి

నిన్న మా అపార్ట్‌మెంటులో నీళ్ల సంపు కడిగారు. మెట్ల దాకా బ్లీచింగు వాసన కొట్టింది. ఆ వాసన తగిలితే చాలు, నా చూపు ఇప్పటికీ గడప మీదికి పోతుంది.

వడమాలపేట దగ్గర మా ఊళ్లో నా చిన్నప్పుడు ఒక ఏడాది వాంతులు, బేదులు పట్టుకున్నాయి. పక్కింటి మునెమ్మవ్వకు పొద్దున మొదలయ్యాయి, సాయంత్రానికల్లా అవ్వ పోయింది. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వేయరని నాకు తెలుసు. అందుకే మర్నాడు తెల్లవారి కిటికీలోంచి చూసి బిగుసుకుపోయాను. అవ్వ గడప ముందు తెల్లటి గీత ఉంది. చుక్కలు లేవు, వంకరటింకరగా ఉంది. చూపు సరిగా ఆనని అవ్వ ముగ్గేస్తే అట్లాగే ఉండేది.

“అమా, అవ్వ వొచ్చి ముగ్గేసి పోయిండాది!”

“అవ్వ యాడొస్తాది? అది పంచాయితోళ్లు సల్లిన బ్లీచింగు మందు,” అంటూ అమ్మ ముగ్గుచిప్పతో తలుపు తీసింది.

మా గడప ముందూ అదే గీత. ఎదురింటి ముందూ అదే. వీధి చివరిదాకా ఒకే చెయ్యి గీసినట్టుంది.

“దాన్ని కడగొద్దని చెప్పి పోయినారు,” అన్నాడు నాయన వెనక నుంచి.

కళ్లాపి చల్లితే మందు కొట్టుకుపోతుంది, చల్లనిదే ముగ్గు పడదు. అమ్మ చిప్ప పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ పొద్దున ఏ వాకిట్లోనూ ముగ్గు లేదు. వీధి వీధంతా చావిల్లులా ఉంది.

అవ్వ తిరిగి రాలేదని పెద్దయ్యాక ఒప్పుకున్నాను. వచ్చింది మందే. అవ్వ పోతే గానీ దానికి మా వీధి దారి తెలియలేదు.