తీసేసిన ఫొటో

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేవాణ్ని. కంప్యూటర్ల పని చేసేవాణ్ని. ఏం జరిగినా వెనక ఒక కారణం ఉంటుందని నా నమ్మకం.

తొంభైల చివర్లో నల్లగొండలో నేను, నా స్నేహితుడు ఖలీల్ కలిసి ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాళ్లం. నకిరేకల్‌లో నర్సుగా పనిచేసే సుజాత తమ్ముడు ప్రభుదాసు బొంబాయికి పనికి పోయి జాడ లేకుండా పోయాడు. అతని ఫొటోతో ఒక వెబ్ పేజీ చేసి పెట్టాం. అక్కడి మనవాళ్లు ఎవరైనా చూస్తారని ఆశ.

కొన్ని నెలలకు కబురొచ్చింది. రైలు కింద పడిన శవం. ముఖం గుర్తుపట్టేలా లేదు. సుజాత భర్త వెళ్లి చొక్కా చూసి అతనే అన్నాడు. అక్కడే సమాధి చేసి వచ్చాడు.

"ఫొటో తీసెయ్యి అన్నా. ఇంక ఎవల్ని దేవులాడాలె," అంది సుజాత.

ఫొటో తీసేసి, 'ఇక వెతకవద్దు' అని రాసి పేజీ మార్చాను. మర్నాడు తెరిస్తే ఫొటో అక్కడే ఉంది. నేనేం కంగారు పడలేదు. ఒకసారి చూసిన పేజీని బ్రౌజర్ తన దగ్గర దాచుకుని, మళ్లీ అడిగితే ఆ పాతదే చూపిస్తుంది. దాన్ని క్యాష్ అంటారు. దాచుకున్నదంతా చెరిపేశాను. పాత కాపీ దాచవద్దని పేజీలోనే ఒక వరుస రాశాను. ఫైలు పేరు కూడా మార్చాను. అయినా ఫొటో వచ్చింది. పక్క కంప్యూటర్లోనూ వచ్చింది.

పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు. నువ్వే మళ్లీ ఎక్కిస్తున్నావా అని ఖలీల్‌ను అడిగేశాను.

"సచ్చినోని ఫొటోతోని పరాచికాలాడతనారా నేను?" అన్నాడు.

నమ్మలేదు. పాస్‌వర్డ్ మార్చి అతనికి చెప్పలేదు. ఫొటో పోలేదు. పేజీ అసలు ఉండే సర్వర్లో చూస్తే నేను రాసిన కొత్త పేజీయే ఉంది, ఫొటో లేనే లేదు.

చివరికి సుజాతకు చూపించాను. చాలాసేపు తెరనే చూసింది.

"గిది నేనిచ్చిన ఫొటో కాదు. నేనిచ్చినదాంట్ల గడ్డం లేకుండె."

ఆమె ఇచ్చిన ఫొటో తెచ్చి పక్కన పెట్టాను. మనిషి అతనే. కానీ తెర మీద గడ్డముంది, నుదుటి మీద మానిన గాయముంది. పాతదే అనుకుని ఇన్నాళ్లూ నేను పరీక్షగా చూడనే లేదు. క్యాష్ ఇవ్వగలిగేది ఒకప్పుడు వచ్చినదాన్నే. ఇది ఎప్పుడూ మా పేజీలో లేదు. ఈసారి ఖలీల్ నావైపు అనుమానంగా చూశాడు.

"వెతకొద్దన్న మాట తీసెయ్యి అన్నా," అంది సుజాత లేస్తూ. "నేనింకా దేవులాడుత."

ఆమె ఇచ్చిన ఫొటోతోనే పేజీని మళ్లీ పెట్టాను. ఆ మార్పు వెంటనే కనిపించింది. గడ్డం ఫొటో మళ్లీ రాలేదు. ప్రభుదాసూ రాలేదు. సుజాత మాత్రం బొంబాయి సమాధి మీద అతని పేరు రాయనివ్వలేదు.

అదంతా నా పనేనని ఖలీల్ ఇప్పటికీ అంటాడు. నేను చేయలేదు. ఎవరు చేశారో చెప్పడం నా వల్ల కాదు.