పిలుపుల వరస

అత్త పోయిందన్న కబురు నాకు కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మూడో లైను, ఫలానా ప్లాటు నంబరు, ఆ ఇంటావిడ ఉదయం చనిపోయారు అని రాసి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. టెక్కలిలో ఉద్యోగం చేసుకుంటున్న నాకు ఆ నంబరు ఎవరిదో తట్టడానికి కాసేపు పట్టింది. నేను పుట్టినప్పటి నుంచీ మా పక్కింట్లో ఉన్న మనిషి ఆమె. అత్త అంటే నాన్నకు తోడబుట్టిందేం కాదు. మా ఊళ్ళో పక్కిళ్ళ ఆడవాళ్ళందరూ మాకు అత్తలో పిన్నులో అయ్యేవారు.

ఊరు అన్నాను గానీ ఆ ఊరు ఇప్పుడు లేదు. పోర్టు కోసం తీసుకుని, మమ్మల్ని కొత్తగా కట్టిన కాలనీకి తరలించారు. సముద్రం వైపు మాదొక వంకర వీధి. ఇటు మా ఇల్లు, మధ్యలో అత్తవాళ్ళది, అటు కొబ్బరితాడు పేనే పిన్నిది. వీధి ఎందుకంత వంకరని చిన్నప్పుడు అడిగితే అత్త, "ఈది తిన్నగుంటే గాలొత్తాదే గుంటా, మనిసి రాడు" అంది. అందులో ఎంత నిజముందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

కాలనీలో అన్నీ తిన్నగానే ఉన్నాయి. అబద్ధమెందుకు, కుళాయి నీళ్ళు బాగా వస్తాయి, రోడ్డు మీద లారీ తిరగొచ్చు, వానొస్తే ఇల్లు కారదు. కానీ ప్లాట్లు చీటీలు తీసి పంచారు. అత్త మూడో లైనుకి, మా అమ్మ చివరి లైనుకి, పిన్ని నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోయారు. గోడ మీంచి కూరగిన్నె అందుకున్నవాళ్ళు, కనబడినప్పుడు పలకరించుకోవడం దాకా వచ్చారు.

మా వీధిలో ఏ శుభకార్యమైనా బొట్టు పెట్టి పిలవడానికి అత్తే వెళ్ళేది. వీధి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా, ఒక్క గడప తప్పకుండా. బొట్టు పెట్టాక ఈ పూట కూరేమిటని అడగడం ఆమె అలవాటు. చెబితేగానీ కదిలేది కాదు. కాలనీకి వచ్చాక కూడా ఆ పాత వరసలోనే పిలిచేది. పాత వీధిలో మొదటి ఇల్లు ఇప్పుడు నాలుగో లైనులో ఉంది, దాని పక్కిల్లు మొదటి లైనులో, ఆ తర్వాతది మళ్ళీ ఎక్కడో చివర. ఎండలో ఆ కొసకీ ఈ కొసకీ తిరుగుతుంటే వెంట వెళ్ళిన ఆడపిల్లలు ఒక్కొక్కరే జారుకునేవాళ్ళు. నాకూ విసుగొచ్చేది. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుందని అంటే నవ్వేది.

అత్త కోడలు ఒకసారి ఉండబట్టలేక, లైన్ల ప్రకారం పిలిచేస్తే అన్నం వేళకి ఇంటికి చేరిపోతాం కదా అంది.

"లైన్ల పెకారం కరెంటు బిల్లోడు తిరుగుతాడు. నాను బొట్టెట్టడానికొచ్చినాను" అని అత్త ముందుకు నడిచింది.

తర్వాత మా ఉద్దానంలో ఎందరికో వచ్చిన జబ్బే ఆమెకూ వచ్చింది. కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి పలాస వెళ్ళి రావడం, వచ్చి పడుకోవడం, ఇదే బతుకయింది. ఆ రోజుల్లోనే మా తమ్ముడి పెళ్ళి. పిలుపులకు వేరే ఎవరినైనా పంపుదామని అమ్మ అంటే ఒప్పుకోలేదు. కుంకం భరిణె పట్టుకుని నా స్కూటీ వెనక కూర్చుంది. ప్రతి గడప ముందూ దిగింది. బండి మీంచి పిలిస్తే అది పిలుపు కాదట. సగం వీధి, అంటే సగం పాత వీధి అయ్యేసరికి పాదాలు ఉబ్బిపోయాయి. మురుగుకాలువ మీది పలక మీద కూర్చోబెట్టి, మిగతావాళ్ళని నేను దగ్గరి ఇళ్ళ నుంచి పిలుచుకుంటూ పోతాను, వరస తప్పితే కొంప మునిగిపోదు అన్నాను.

అత్త కోప్పడలేదు. ఊపిరి కూడదీసుకుని చెప్పింది.

"ఇల్లెల్లిపోనాది, ఈదెల్లిపోనాది. ఎవురి పక్కన ఎవురో, అదొక్కటే మన కాడుంది. నాను తిరక్కపోతే అదీ పోద్దే."

మిగిలిన సగమూ తిరిగాం. ఆ తర్వాత ఆమె ఎవరినీ పిలవడానికి వెళ్ళలేదు.

ఆమె పెద్దకర్మకు చెప్పి రావడానికి కోడలూ నేనూ బయల్దేరాం. పాత వరసలోనే వెళ్దామనుకున్నాం గానీ నాలుగైదు ఇళ్ళకే తడబడ్డాం. ఎవరి తర్వాత ఎవరో ఇద్దరికీ సరిగ్గా తెలియలేదు. చివరికి లైన్ల ప్రకారమే పోయాం. ఇట్టే అయిపోయింది. ఎవరినీ వదల్లేదు.

గుమ్మంలో చెప్పులు విప్పుతూ కోడలు, "అందరికీ సెప్పీసినాం గానీ అక్కా, ఊరు తిరిగినట్టు లేదు" అంది. నాకు ఏడుపొచ్చింది. అత్త పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆమె భయపడినట్టే వరస ఆమెతోనే పోయిందనుకున్నాను.

పెద్దకర్మ రోజు రోడ్డు మీద షామియానా వేశారు. మొదటి బంతిలో పెద్ద వయసు ఆడవాళ్ళు కూర్చున్నారు. నీళ్ళ గ్లాసులు పెడుతూ పోతున్న నేను మధ్యలో ఆగిపోయాను. నాలుగో లైనావిడ పక్కన మొదటి లైనావిడ కూర్చుంది. ఆమె పక్కన చివరి లైను నుంచి వచ్చినావిడ. అలా బంతి పొడుగునా పాత వీధి కూర్చుని ఉంది. వాళ్ళకెవరూ చెప్పలేదు. మా అమ్మకీ కొబ్బరితాడు పిన్నికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. విస్తళ్ళు వేస్తున్న ఆయన కొంచెం దగ్గరికి జరగమన్నాడు. ఇద్దరూ కదల్లేదు.

"అక్కడ ఆళ్ళిల్లుంది, బాబూ" అంది అమ్మ.

ఆయన ఆ ఖాళీని వదిలేసి, పిన్ని ముందు విస్తరి వేశాడు.