బొమ్మ చెరిగిన అట్ట

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు పొద్దున్నే చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్‌లో తల దూర్చి కూర్చుంది. ఏం చూస్తోందా అని వెనక నుంచి తొంగి చూస్తే, తెర మీద బోర్లా పరిచిన అట్టలు కనిపించాయి. ఒకదాన్ని వేలితో తాకితే అది తిరగబడి రంగురంగుల బొమ్మ చూపిస్తుంది, దాని కింద ఇంగ్లీషులో నాలుగు మాటలు ఉంటాయి. పిల్ల హైదరాబాదులో బొమ్మల చదువు చదువుతోంది. నెల రోజులుగా చేతికి ఏమీ రావడం లేదట, పరీక్షకు ఇవ్వాల్సిన బొమ్మ ఇంకా మొదలే కాలేదట, ఎండిపోయిన ఊహ మళ్లీ చిగురించే దారేదో ఈ అట్టలు చెబుతాయని స్నేహితురాలు నేర్పిందట. ఇంత చదువు చదివి ఫోన్‌లో జోస్యం చూసుకుంటావా అని మందలించబోయి ఆగాను. ఎందుకంటే ముప్పయ్యేళ్ల కిందట, పెళ్లాం పిల్లలున్న మనిషిని, సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని సిద్దిపేట బస్టాండు పక్కన ఒక చిలక ముందు గొంతుకూర్చున్నవాణ్ణి నేను.

అప్పట్లో నేను బోర్డులు రాసేవాణ్ణి. రేకు బోర్డు మీద కిరాణా దుకాణం పేరు, దవాఖాన గోడ మీద డాక్టరు గారి డిగ్రీలు, లారీ వెనక తామర పువ్వు, ఏది అడిగితే అది. పని నేర్పింది మా ఉస్తాదు. ఆయన బ్రష్షు పట్టుకుంటే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే తల్లి పిల్లల్లాగా వరసగా వచ్చి నిలబడేవి. గీత గీసేముందు సుద్దపొడి అద్దిన దారాన్ని గోడకు ఆనించి టప్పుమని కొట్టడం, ఆ గీత మీద అక్షరాన్ని కూర్చోబెట్టడం, ఇవన్నీ నా ఈడు వాళ్లు బజార్లో నిలబడి నోరు తెరుచుకుని చూసినవే కాబట్టి మళ్లీ వర్ణించను. ఇప్పటికీ ఏ ఊరు పోయినా మనుషుల కంటే ముందు అక్షరాలనే చూస్తాను, వంకర పోతే తిట్టుకుంటాను, అది నా పాడు అలవాటు.

ఆ ఏడు ఎలక్షన్లు వచ్చాయి. రెండు నెలల పాటు ఊరూరా గోడలు రాశాను. ఒకటే పేరు, ఒకటే గుర్తు, ఒకటే రంగు, గోడ తర్వాత గోడ. చివరికి కళ్లు మూసుకున్నా చెయ్యి దానంతటదే ఆ గుర్తు గీసేది. ఎలక్షన్లు అయిపోయాయి, గోడలకు మళ్లీ సున్నం పడింది, కానీ నా చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. బట్టల దుకాణం సేటు తన కొత్త కొట్టుకు పెద్ద బోర్డు అడిగాడు, పేరు పక్కన చీర కట్టుకున్న ఆడమనిషి నిలబడి ఉండాలన్నాడు. చీర వచ్చింది, చేతుల గాజులు వచ్చాయి, ముఖం రాలేదు. మూడుసార్లు గీశాను, మూడుసార్లూ గుడ్డతో తుడిచేశాను. నాకు ఏడుపొక్కటే తక్కువ. అదే అదను అన్నట్టు మా బావమరిది ములుగు దగ్గరి కోళ్ల ఫారంలో సూపర్‌వైజరు పని చూసి పెట్టాడు, రెండు వారాలయ్యాక సోమవారం వస్తాను, అప్పటికి ఏ సంగతో చెప్పేయాలి అన్నాడు. ఆ సోమవారం లోపల ముఖం రాకపోతే బ్రష్షులు అటక మీద పెట్టేయాలని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. రంగులు తప్ప వేరే లోకం తెలియని నేను ఇక కోళ్లకు దాణా వేస్తూ బతకాలన్నమాట.

మా ఇంటామె ఇదంతా చూస్తూనే ఉంది. ఒకరోజు అన్నం పెడుతూ, సగం ఎగతాళిగా, సగం నిజంగా, "నీ చేతికేం కాలే, నీ మనసే మూలకు పడ్డది. బస్టాండ్ కాడ చిలక తాత కూసుంటడు గదా, పోయి అడుగరాదు?" అంది. కోపం వచ్చింది. అయినా మర్నాడు నా కాళ్లు అటే నడిచాయి.

చిలక తాత మా బజారు వాళ్లందరికీ తెలిసినవాడే. వేపచెట్టు కింద గోనెపట్టా పరిచి, పంజరం పక్కన పెట్టుకుని, ముందు ఇరవై ఏడు అట్టలు వరసగా పేర్చేవాడు. ఒక్కో అట్ట మీద ఒక్కో దేవుడి బొమ్మ. మన పేరు చెబితే పంజరం తలుపు తీసి పిలిచేవాడు. సీతమ్మ అనే ఆ చిలక కోమట్ల ఇంటి పెద్దకోడలిలా తాపీగా నడిచి వచ్చి, నాలుగు అట్టలు ముక్కుతో లాగి అవతల పారేసి, అయిదోది తాతకు అందించి, వడ్లగింజ నోట కరుచుకుని లోపలికి పోయేది. మొదటి రోజు నాకు హనుమంతుడు వచ్చాడు. తాత కళ్లు మూసుకుని, "నీ బలం నీకే యాదికి లేదు బిడ్డా, ఎవ్వలన్న యాది చెయ్యాలె" అన్నాడు. అందరికీ ఇదే చెబుతాడని నాకు తెలుసు. నేను ఆ మాటలు వినలేదు గానీ అట్టనే చూస్తున్నాను. ఏళ్ల తరబడి చిలక ముక్కు తగిలి హనుమంతుడికి తోక సగం లేదు. ఇంటికి పోయినా ఆ లేని తోకే కళ్ల ముందు ఆడింది, అది ఎటు వంపు తిరగాలో వేలితో గాలిలో గీసుకున్నాను.

రెండో రోజు కృష్ణుడు వచ్చాడు. నీలం అంతా పోయి సున్నపు నీళ్లలా తేలిపోయిన కృష్ణుడు. పని ముట్టకుండా ఒక పూట ఊరికే చెరువు గట్టున కూర్చోమన్నాడు తాత. సరే పోనీ అని సాయంత్రం కోమటి చెరువు గట్టున కూర్చున్నాను. జ్ఞానోదయం ఏమీ కాలేదు, దోమలు మాత్రం బాగా కుట్టాయి. కాకపోతే పొద్దు గుంకే వేళ నీళ్ల మీద ఒక నీలం కనిపించింది, ఇది ఆ కృష్ణుడి ఒంటికి సరిపోతుంది కదా అనిపించింది. నెలల తర్వాత నాకు ఒక రంగు మీద ఆశ పుట్టింది, అప్పుడు ఆ సంగతి గుర్తించలేదు.

మూడో రోజు సీతమ్మ చాలాసేపు అటూ ఇటూ తిరిగి ఒక అట్ట లాగింది. తాత దాన్ని తిప్పి చూసి, మళ్లీ వెనక్కి తిప్పి చూసి, ఎండకు ఎత్తి పట్టి చూశాడు. దాని మీద ఏమీ లేదు. మూల నాలుగు ఎర్ర చుక్కలు తప్ప బొమ్మంతా అరిగి పోయింది. ఏ అట్ట వచ్చినా తడుముకోకుండా పాఠం చదివే మనిషి, పాపం, అట్టను గోనెపట్టా మీద పెట్టేశాడు.

"గిది ఏం బొమ్మనో నాకే యాదికి లేదు బిడ్డా" అన్నాడు చివరికి.

నాకు నవ్వొచ్చింది. ఎన్ని రోజులైందో నవ్వి, పొట్ట పట్టుకుని నవ్వాను. నా జాతకం కూడా చెరిగిపోయిందా తాతా అంటే ఆయనా నవ్వాడు. అట్టలు ఇటు ఇవ్వు, బాగు చేసి తెస్తానని నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో వచ్చేసింది. తాత బాగా పాడైన తొమ్మిది ఏరి ఇచ్చాడు. ఈ ఖాళీ దాని మీద ఏం వేయమంటావని అడిగితే, "చిలక నీ పేరు మీద తీసింది. నీకేది గావాల్నో గది గియ్యి" అన్నాడు.

ఇక్కడే నేను బోర్డులు రాసేవాడు మాత్రమే చేయగలిగిన తప్పు చేశాను. నాకు తెలిసిన రంగు ఇనామెల్ పెయింటు. రేకు మీద ఎండకు వానకు తట్టుకునేది అదే కదా అని, చేతిలో ఉన్న డబ్బాలే తెరిచి, టర్పెంటాయిల్ కలిపి, ఎనిమిది అట్టలూ ఒక్క పూటలో ధగధగలాడించాను. ఖాళీ దాని మీద మాత్రం ఏం గీయాలో తేలక పక్కన పెట్టాను. మర్నాడు తాత వాటిని చూసి మురిసిపోయాడు గానీ సీతమ్మ మురవలేదు. వచ్చి, వాసన చూసి, తల విదిలించి, ఈకలు ఉబ్బించి, మళ్లీ పంజరంలోకి పోయి వెనక్కి తిరిగి కూర్చుంది. ఆ మర్నాడు ఆకలికి తాళలేక ఒకటి లాగింది. ఎండకు రంగు జిగురుగా మారి, ఒకటి లాగితే రెండు వచ్చాయి. అడగడానికి వచ్చినాయన నారాయణరావుపేట నుంచి బిడ్డ పెళ్లి సంగతి పట్టుకుని వచ్చాడు. లక్ష్మీదేవి వీపుకు శనిదేవుడు అతుక్కుని వచ్చాడు. ఆ పెద్దమనిషి లేచి నిలబడి, "మంచి చెప్తవా, చెడు చెప్తవా, ఒక్కటి చెప్పు!" అని నలుగురిలో గట్టిగా అరిచి పోయాడు. ఆ మాట బజారంతా పాకింది. తాత ముందు ఎవరూ కూర్చోవడం లేదని తెలిసి నాకు తల ఎత్తుకోవాలంటే సిగ్గేసింది. నా చెయ్యి ఎండితే ఎండింది, ఆ ముసలాయన నోటి కాడి కూడు కూడా నేనే చెడగొట్టాను.

ఉస్తాదు దగ్గరికి పోయి, జిగురు పట్టిన అట్ట ఒకటి చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అట్ట ముక్కుకు ఆనించుకుని వాసన చూసి, "అరే బేటా, రేకుకేసేది కాయితానికి ఏస్తవా? పిట్టకు ముక్కు ఉంటది గదా, గదైనా యాదికి రాలేదా?" అన్నాడు. తిట్టడం అయ్యాక లోపలికి పోయి పాత డబ్బా ఒకటి తెచ్చాడు. అందులో పొడి రంగులున్నాయి. తుమ్మజిగురు రాత్రి నానబెట్టి వడగట్టి, ఆ నీళ్లతో రంగు నూరి, ఉడుత వెంట్రుకల బ్రష్షుతో పలచగా రెండు పూతలు వేయాలి, ఒకటి ఆరాకే రెండోది. ఒక పూట కూర్చోబెట్టి చూపించాడు. ఆయన చెయ్యి అప్పటికే వణుకుతోంది, కానీ బ్రష్షు కాగితాన్ని తాకగానే వణుకు ఆగిపోయేది.

నా జిగురు అంటుకుని మిగతావీ పాడయ్యాయి కాబట్టి తాత దగ్గరి కట్టంతా తెచ్చుకుని, కొత్త అట్ట కోసి మొత్తం మళ్లీ మొదలుపెట్టాను. అప్పటికి గురువారం. నిలువెత్తు బోర్డులు రాసిన చేతికి అరచేతిలో పట్టే దేవుణ్ణి గీయాలంటే మొదట ఊపిరి ఆడలేదు. హనుమంతుడి తోక నేను గాలిలో గీసుకున్న వంపే తిరిగింది. చెరువు మీది నీలం కోసం రంగు నాలుగుసార్లు కలిపాను. ఒకటి ఆరేలోపు ఇంకొకటి, అది ఆరేలోపు మరొకటి, ఇంట్లో కిటికీల మీదా గడప మీదా బియ్యం డబ్బా మీదా దేవుళ్లే. మా ఇంటామె చాయ్ తెచ్చి పక్కన పెడితే అది చల్లారి మీగడ కట్టేది. ఆమె ఇంకో గ్లాసు తెచ్చి పెట్టేది. సేటు బోర్డూ, బావమరిది మాటా, సోమవారమూ ఏవీ నాకు గుర్తు రాలేదు. ఆదివారం సాయంత్రానికి ఇరవై ఆరు అయ్యాయి. ఇరవై ఏడోదాని కోసం బ్రష్షు ఎత్తి దించాను, ఎత్తి దించాను, నాకేం కావాలో నాకు తేలలేదు.

సోమవారం పొద్దున ఉస్తాదునూ వెంటబెట్టుకుని తాత దగ్గరికి పోయాను. ఒకటి తక్కువైందని నసుగుతూ చెబితే, "ఇరవై ఆరుతోని నడుపుత తీయ్. గది నీ తాన్నే ఉండనీ, గీసిన్నాడు తెచ్చియ్యి" అన్నాడు. అట్టలు పరిచి, మొదలు నా పేరు మీదే అడుగుతానని పంజరం తలుపు తీశాడు. సీతమ్మ బయటికి వచ్చింది. మొదటి అట్ట దగ్గర ఆగి మెడ వంచి చూసింది. అట్టను ముక్కుతో పట్టి అవతల పారేసింది, రెండోదీ పారేసింది, అలవాటు ప్రకారం తాపీగా నడిచి ఇంకొకటి లాగి తాత చేతికిచ్చి గింజ కోసం తలెత్తింది. ఆ క్షణాన గుండెల మీది బండ ఎవరో దించినట్టయింది. తాత అట్ట తిప్పాడు. శనిదేవుడు!

ఉస్తాదు పకపకా నవ్వాడు. తాత దాన్ని అటూ ఇటూ చూసి, "గింత సక్కగ గీస్తివి, ఇగ దీన్ని చూపెట్టి నేను ఎవ్వలను భయపెట్టాలె?" అన్నాడు. లోకంలో శని వచ్చినందుకు కళ్లనీళ్లు పెట్టుకుని సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

ఇంటికి వచ్చేసరికి బావమరిది అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా వేళ్ల నిండా నీలం, ఎరుపు, పసుపు. ఏం సంగతి అని అడగబోయి, నా చేతుల వంక చూసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే సేటు బోర్డు ముందు నిలబడ్డాను. ముఖం ఒక్క ఊపులో వచ్చింది. మా ఇంటామె చూసి, గీమెను ఏడనో చూసిన అంది. బియ్యం డబ్బా మీద ఆరబెట్టిన లక్ష్మీదేవి అని నేను చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బోర్డులు రాశాను, చెయ్యి మళ్లీ అట్లా ఎండలేదు. అలసిన రోజున పెట్టె తెరిచి ఆ ఖాళీ అట్టను చూసుకుంటే, ఇంకా ఒకటి గీయాల్సింది ఉంది కదా అనిపించేది, అది చాలేది.

తర్వాత సంగతులు మీకు తెలిసినవే. ఫ్లెక్సీలు వచ్చాయి, పొద్దున చెబితే సాయంత్రానికి సినిమా తెరంత బోర్డు చేతికి వస్తుంది. ఉస్తాదు కాలం చేశాడు. తాత ఒక ఎండాకాలం నుంచి కనిపించలేదు, ఆ అట్టలు ఏమయ్యాయో తెలియదు. చిలకలను పంజరంలో పెట్టకూడదంటున్నారు, అదీ మంచిదే, సీతమ్మ కూడా ఏనాడూ మమ్మల్ని అడిగి ఆ పంజరంలోకి రాలేదు కదా. మనవరాలి ఫోన్‌లో అట్టలు మాత్రం భలే ఉన్నాయి, ఏ మూలా చిరగలేదు, ఎవరి దేవుడికీ తోక పోలేదు. ఎన్ని వేళ్లు తాకినా అవి అరగవు. అరగని అట్టను బాగు చేసి పెట్టమని ఏ తాతా ఎవరినీ అడగడు, నాకు ఆ పిల్లను చూస్తే దిగులు వేసింది అందుకే.

లోపలికి పోయి పెట్టె అడుగు నుంచి ఆ అట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. తిప్పి చూసింది, మళ్లీ వెనక్కి తిప్పి చూసింది, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది, అచ్చం తాతలాగే. దీని మీద ఏముండేది తాతయ్యా అని అడిగింది. నాకే యాదికి లేదు, నీకేది కావాలో అది గీసుకో అన్నాను. ఇప్పుడు నా చేతికి కూడా ఉస్తాదు వణుకు వచ్చింది, ఇక దాన్ని నేను దాచుకుని చేసేది లేదు. ఆదివారం హైదరాబాదు బస్సు ఎక్కుతూ పిల్ల దాన్ని పుస్తకంలో జాగ్రత్తగా పెట్టుకుంది. బస్సు కదిలాక నాకు గుర్తొచ్చింది, పరిగెత్తలేను కాబట్టి ఉన్నచోటి నుంచే గట్టిగా అరిచాను, ఇనామెల్ మాత్రం వేయకే అని.