పీరు తాత ముక్కు, యలమందయ్య మొహం

దేశంలో ఎక్కడ ఏ ఇల్లాలు తాలింపు పెట్టినా, అందులో పడిన ఎండుమిరపకాయ ఏ ఊళ్లో ఎవరి చేలో ఎన్నో కోతలో కోసిందో మా పీరు తాత పెదకాకానిలో మంచం దిగకుండా చెప్పేవాడు. ఈ సంగతి ఢిల్లీ దాకా పోయి ఉంటే సరిహద్దులో వాసన పట్టే కుక్కలన్నింటికీ సెలవిచ్చి, తాతకి ఒక కుర్చీ వేసేవాళ్లు.

అంత కాకపోయినా, గుంటూరు మిర్చి యార్డులో ఒకే కొట్టులో ముప్పయ్యెనిమిదేళ్లు మచ్చు చూసిన మనిషి. రైతు మిరపకాయల బస్తా, అదే టిక్కీ, దించగానే తాత దాని పొట్టలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునున్న కాయలు నాలుగు లాగేవాడు. ఒకటి చెవి దగ్గర విరిచి చప్పుడు వినేవాడు. ఇంకొకటి చీల్చి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. కాయలో బూజు కంటికి కనపడటానికి చాలా ముందే వాసన చెబుతుంది. తాత తల నిలువుగా ఊపితే సరుకు మంచిది. అడ్డంగా ఊపితే ఆ రైతుకి ఆ పూట అన్నం సయించదు. చదువు ఐదో తరగతి, అదీ సగమే. అయినా ఎమ్మేలు చదివిన వ్యాపారులు ఆ తల ఎటు ఊగుతుందా అని గుడ్లప్పగించి చూసేవాళ్లు.

రెండోసారి కరోనా వచ్చిన వేసవిలో తాతకి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని వెంట తీసుకుపోయింది. తుమ్ము వచ్చేది, ఘాటుకి కళ్లు మండేవి, కానీ వాసన మాత్రం లేదు. ఇంట్లో పాలు పొంగి మాడి పొగ కమ్ముకున్నా పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని పేపరు చదివాడు. పాపం పెద్దాయన వార్తల్లో మునిగిపోయాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. పదిహేను రోజులు ఆగితే వస్తుందని డాక్టరు అన్నాడు. తాత ఆగాడు. రాలేదు. కొట్టులో చెబితే రేపట్నుంచి రావద్దంటారు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

చెప్పకుండా ఎలా నెట్టుకొచ్చాడంటే, యలమందయ్య వల్ల.

యలమందయ్య బ్రోకరు. అద్దంకి మనిషి. తాతా ఆయనా ఒకే ఏడు యార్డులో అడుగుపెట్టారు. ఒకే టీ సగం సగం తాగి, ఒకరినొకరు ఒరేయ్ అనుకుంటూ ముసలివాళ్లయ్యారు. తాత మచ్చు చూసేచోట యలమందయ్య పక్కనే ఉంటాడు. ఆయన మొహం తెరిచిన పుస్తకం. మంచి కాయ వాసన తగిలితే ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. బూజు తగిలితే పైపెదవి ఒక పక్కకి లేస్తుంది. తాత కాయని చీల్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏదో ఆలోచిస్తున్నట్టు కళ్లెత్తి ఆ మొహం చూసేవాడు. ఆ తర్వాతే తల ఊపేవాడు. ముక్కు ఒకడిది, తల ఒకడిది. నాలుగేళ్లు ఒక్కరికీ అనుమానం రాలేదని తాత లోలోపల మీసం మెలేసుకున్నాడు.

మొన్న ఫిబ్రవరిలో యలమందయ్య పాత ఆల్టో ఒకటి కొన్నాడు. అరవయ్యేడేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఆదివారం యార్డు సెలవు కాబట్టి సముద్రం ఒడ్డు వెంట అలా పోయొద్దామన్నాడు. పొన్నూరు మీదుగా బాపట్ల, చీరాల, అక్కణ్నుంచి ఒంగోలు, తిరిగొచ్చేటప్పుడు అద్దంకి. ఇంత దగ్గర్లో సముద్రం పెట్టుకుని ఇద్దరూ జీవితంలో దాన్ని చూసింది రెండుసార్లు. తాత కొత్త లుంగీ కట్టి, పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని, పెళ్లికొడుకులా ముందు సీట్లో కూర్చున్నాడు.

పొన్నూరు దాటేదాకా యలమందయ్య మూడో గేరు వేయలేదు. ఎడ్లబండి వాడు హారన్ కొట్టి దాటిపోతున్నాడురా అని తాత వెక్కిరించాడు. ఎడ్లబండికి హారనెక్కడిదిరా అంటే, నిన్ను చూసి అప్పటికప్పుడు కొనుక్కున్నాడన్నాడు. బాపట్లలో ఇడ్లీ తిన్నారు. చీరాలలో దారి తప్పారు. తప్పు నీదంటే నీదని వాదించుకుంటూ ఎండెక్కేసరికి వాడరేవు చేరారు.

అక్కడ ఒడ్డున పడవ నీడలో వలల కుప్ప మీద కూర్చున్నారు. యలమందయ్య టీ తెచ్చాడు. సముద్రం వైపు తిరిగి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. మొహంలో మల్లెతోట మధ్య నిలబడ్డంత సుఖం కనపడింది. తాత ఆ మొహం చూశాడు. తనూ గట్టిగా పీల్చి, అబ్బ, ఏం గాలిరా, దీనికోసమైనా రావాలి అన్నాడు.

వెనక నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. చేపలు తిరగేస్తున్న ఒకావిడ.

"ఏం తాతా, మా వాళ్లే ఇటు ముక్కు మూసుకుని పోతుంటే, నువ్వు పూలకొట్టు ముందు కూర్చున్నట్టు కూర్చున్నావే?"

తాత వెనక్కి తిరిగి చూశాడు. వీపుకి బారెడు దూరంలో, పట్ట కింద నెత్తళ్ల రాశి. రెండు రోజులు మబ్బు పట్టడంతో ఎండక మురిగిపోయింది. పట్ట అంచున ఈగలు నల్లగా కదులుతున్నాయి.

యలమందయ్య టీ ఒలికేలా నవ్వాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ తాత భుజం చరిచాడు. తాత కూడా నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు. పక్కన మురుగుచేపల కుప్ప పెట్టుకుని వీడు ఆ మొహం ఎలా పెట్టాడు? కావాలని పెట్టాడు. కావాలనుకుంటే పెట్టగలడు.

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?" అన్నాడు తాత.

మొదటి వారంలోనే తెలిసిందన్నాడు యలమందయ్య, పెద్ద విషయం కానట్టు. నువ్వు కాయ వైపు చూడటం మానేసి నా వైపు చూస్తుంటే నాకు తెలీదా అన్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

తాతకి నాలుగేళ్ల మచ్చులూ కళ్లముందు తిరిగాయి. ఎన్నని గుర్తుంటాయి? ఒకటి మాత్రం గట్టిగా నిలబడింది. రెండేళ్ల కింద, అద్దంకి దగ్గర పల్లె నుంచి వెంకటరావమ్మ అనే రైతు తెచ్చిన సరుకు. కాయ పెళపెళమని విరిగింది. రంగు కళ్లు చెదిరేలా ఉంది. కానీ యలమందయ్య పెదవి లేచింది. తాత తల అడ్డంగా ఊపాడు. ఆమె చేతులు పట్టుకున్నంత పని చేసింది, ఒక్కసారి మళ్లీ చూడమంది. ముక్కు అబద్ధమాడదమ్మా అని తాత పక్క టిక్కీకి వెళ్లిపోయాడు.

"వెంకటరావమ్మ కాయ బాగుందా?"

యలమందయ్య నవ్వు ఆపాడు. గ్లాసు ఇసుకలో గుచ్చాడు. ఆ సరుకు మీద తన మనిషైన వ్యాపారి ఒకడి కన్ను పడిందనీ, కాస్త తక్కువకి దొరుకుతుందని అలా చేశాననీ, అలాంటివి ఏ నాలుగైదో ఉంటాయనీ, మిగతావన్నీ నిజం మొహాలేననీ చెప్పాడు. చెప్పి, చివరికి ఆయనకే కోపం వచ్చింది.

"ముక్కు పోయిందని తెలిస్తే కొట్టువాడు నిన్ను ఆ రోజే గేటు బయట నిలబెట్టేవాడు. నాలుగేళ్లు నీ ఇంట్లో కుండ ఉడికింది ఈ మొహం వల్లేరా. అయినా నా మొహం చూసి తల ఊపమని నేను చెప్పానా?"

తాత లేచి వెళ్లి కారులో కూర్చున్నాడు. అద్దంకి పోనీ, ఆమె ఇంటికి పోనీ అన్నాడు. అంతే. చినగంజాం దగ్గర రోడ్డు పక్కన ఉప్పు రాశులు ఎండకి మెరుస్తుంటే ఒకడు ఎడమ వైపు చూశాడు, ఒకడు రోడ్డు వైపు చూశాడు. పెరుగన్నం డబ్బా మూత తీయలేదు.

వెంకటరావమ్మ ఊరి చివర కల్లంలో దొరికింది. తలకి గుడ్డ చుట్టుకుని రాశి ముందు కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. తాతని చూడగానే లేచి, పీరుగారా, మా ఊరు వచ్చారేంటండి అంటూ మంచం వాల్చింది. చల్లని నీళ్లు తెచ్చింది. యలమందయ్య కారు దిగలేదు.

తాత నిలబడే చెప్పాడు. జ్వరం సంగతీ, ముక్కు సంగతీ, మొహం సంగతీ. ఆ రోజు నీ కాయలో బూజు లేదమ్మా అన్నాడు.

ఆమె అరుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. దానికి సిద్ధపడే వచ్చాడు. ఆమె చేతిలో కాయలు మళ్లీ రాశిలో పడేసింది.

"మంచు పడేటప్పుడు రాశి మీద పట్ట కప్పడం మా కోడలు శ్రీరమ్య పని. యార్డు నుంచి వచ్చి దాన్ని నానా మాటలూ అన్నాను. కప్పానని బిడ్డ మీద ఒట్టేసింది. మీ ముక్కుని నమ్మాను, దాని ఒట్టు నమ్మలేదు."

ఆ గొడవతో కొడుకూ కోడలూ పొన్నూరు వెళ్లిపోయారు. అక్కడ బట్టలకొట్టులో పని. కొడుకు ఫోనులో మాట్లాడతాడు. కోడలు మాట్లాడదు. మనవడికి మూడో పుట్టినరోజు అయింది, ఈవిడ ఫోటోలో చూసింది. పొద్దున తాత ఎడ్లబండి జోకు వేసింది ఆ ఊళ్లోనే.

తానే చెబుతానన్నాడు తాత. ఆమె కొడుకుకి ఫోను చేసి, కోడలికి ఇమ్మని బతిమాలి, తాత చేతిలో పెట్టింది. తాత మొదట్నుంచీ చివరిదాకా మళ్లీ చెప్పాడు.

"నేను పట్ట కప్పానని నాకు తెలుసండి," అంది శ్రీరమ్య. "ఇంకేమన్నా ఉందా?"

లేదమ్మా అన్నాడు తాత. ఫోను పెట్టేసింది.

ఏమందని వెంకటరావమ్మ అడిగింది. తనకి తెలుసంటమ్మా అన్నాడు. ఆమె తల గుడ్డ సర్దుకుని మళ్లీ రాశి ముందు కూర్చుంది. కాసేపటికి, తాత ఇంకా అక్కడే నిలబడి ఉంటే, నీడలోకి జరగమంది. ఆయన నీడ కాయల మీద పడుతోంది, ఏది తాలో ఏది మంచిదో కనపడటం లేదు.

తాత కారెక్కలేదు. అద్దంకి దాకా ఎవరో ట్రాక్టరు మీద ఎక్కించుకున్నారు, అక్కణ్నుంచి బస్సు. సోమవారం కొట్టుకి వెళ్లి వాసన రాదని చెప్పి వచ్చేశాడు. అయ్యో అన్నారు, టీ ఇచ్చారు. మంగళవారానికి కొట్టులో తాత కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. నాలుగేళ్ల కింద తాత ఏ గేటుకి భయపడ్డాడో ఆ గేటు అసలు చప్పుడే చెయ్యలేదు. యలమందయ్య ఇప్పటికీ ఆదివారాలు ఇంటి ముందు కారాపి హారన్ కొడతాడు. తాత టీవీ సౌండు పెంచుతాడు. వీడికి చెవులన్నా ఉన్నాయని యలమందయ్య, వీడికింకా మొహం చెల్లుతోందని తాత, ఎవరి పాటికి వాళ్లు గొణుక్కుంటారు.

ఇంటర్ రెండుసార్లు తప్పిన మనవరాలు, అంటే నేను, ఇదంతా రాసి, అచ్చుకి పంపేముందు తాతకి చదివి వినిపించాను. స్నేహితుడి వల్ల మోసపోయిన మంచివాడిగా రాశాను, సరిపోతుందా తాతా, ఇంకాస్త పొగడనా అని అడిగాను. తాత కళ్లజోడు తీసి లుంగీతో తుడిచాడు.

"వాడు పెట్టింది మొహమే. తల ఊపింది నేను. అది రాస్తే రాయి, లేకపోతే చించెయ్."