బస్తా మొయ్యలేని బొమ్మ

నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్నవాళ్ళు ఒక మాట చెప్పుకుంటారు. ఉప్పెనలో కొట్టుకుపోయిన ఒక హమాలీ బొమ్మను మాస్టారు కేవలం జ్ఞాపకం మీద, మనిషి ఉన్నది ఉన్నట్టుగా గీసి అతని భార్య చేతికిచ్చారని. ఇన్నేళ్ళూ నేను కాదనలేదు. ఇప్పుడు కాదంటున్నాను.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. మా నాన్న గుడివాడలో ఒక రైసుమిల్లు గుమాస్తా. డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగానికి కావలసిన పరీక్ష రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ మనిషి బొమ్మ దగ్గరే. మూడోసారీ తప్పితే మిల్లులో కాటా దగ్గర కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు. బందరులో నాకు డ్రాయింగ్ చెప్పిన ముసలి సాయిబుగారు నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఎముకలేవీ? చొక్కాలో ఊక కుక్కినట్టుంది" అన్నారు. "పుస్తకం చూసి గీస్తే ఇంతే. ఒళ్ళు వంచి పనిచేసే మనిషిని ఒకణ్ణి చూసుకో. చూడ్డమే కాదు, అడిగి చెయ్యేసి తడుము. ఎముక ఎక్కడ మొదలవుతుందో నీ వేలికి తెలియాలి."

మా మిల్లులో బస్తాలు మోసే ఒకతన్ని అడిగాను. దివిసీమలో సముద్రం పక్క పల్లె అతనిది. తల్లి అక్కడే ఉండేది. అతనూ భార్యా మిల్లు వెనక పాకలో ఉండేవాళ్ళు. నాకన్నా పదేళ్ళు పెద్ద. అయినా నేను 'నువ్వు' అనేవాణ్ణి, అతను 'అబ్బాయిగారూ' అనేవాడు. మిల్లుకు సెలవు కాబట్టి ఆదివారాలు మా వరండాలో చొక్కా విప్పి నిలబడేవాడు.

మొదటిరోజు మెడ కింద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాను. రెండు భుజాల మధ్య, కాస్త కుడికి ఒరిగి, అరచేతిలో సగం నిండేంత కండ దిమ్మ. కుడి భుజం ఎడమదానికన్నా దిగి ఉంది.

"అది బస్తా కూచునే పీటండి" అని నవ్వాడు. "కట్టడానికి పదైదేళ్ళు పట్టింది."

పుస్తకంలో ఆ దిమ్మ లేదు. పుస్తకం ప్రకారం మనిషి ఎత్తు తల కొలతకు ఏడున్నర రెట్లుండాలి. ఇతను ఏడుకు కూడా రాలేదు. ఉన్నది ఉన్నట్టు వేస్తే, పేపరు దిద్దేవాళ్ళు నాదే తప్పనుకుంటారని భయం. దిమ్మ తీసేశాను. భుజాలు సమం చేశాను. మెడ సాగదీశాను. ఎదురుగా నిలబెట్టి వేసినవాటిలో మొహాన్ని కోడిగుడ్డులా ఖాళీగా వదిలేశాను, మొహానికి మార్కులు లేవు గనక.

ఒకరోజు కాగితం చూపిస్తే చాలాసేపు చూశాడు.

"ఎవరండీ ఈయన?"

"నువ్వే."

"నేనా? ఈయన బస్తా మొయ్యలేడండి అబ్బాయిగారూ. మొదటి అడుక్కే జారిపోద్ది. కూచోబెట్టి వడ్డించాల్సిన ఒళ్ళు ఇది." మళ్ళీ తనే అడిగాడు. "మరి మొకం ఎప్పుడేస్తారు? మా ఆవిడ అడుగుతాంది. మాకు ఫోటో అంటూ లేదు."

"పరీక్ష అయ్యాక" అన్నాను.

నవంబరులో ఒక శనివారం వచ్చి, తల్లికి జ్వరంగా ఉందని కబురొచ్చింది, రేపు ఊరెళ్ళి ఎల్లుండి వచ్చేస్తానన్నాడు. పరీక్ష నెల రోజులు కూడా లేదు. చెయ్యి పైకెత్తినప్పుడు భుజం వెనక పలక ఎముక ఎటు జరుగుతుందో నాకింకా పట్టుబడలేదు. ఈ ఒక్క ఆదివారం ఆగమని బతిమాలాను. తల గోక్కుని ఆగాడు. మర్నాడు మధ్యాహ్నందాకా చెయ్యెత్తి నిలబడ్డాడు. మళ్ళీ మిల్లులో సెలవు దొరికి ఊరికి వెళ్ళేసరికి శుక్రవారమైంది. శనివారం ఉప్పెన వచ్చింది.

అతని పల్లె మిగల్లేదు. తల్లీ కొడుకుల్లో ఎవరూ దొరకలేదు. అతని భార్య బియ్యం తీసుకెళ్ళే లారీలో అటు వెళ్ళి, నాలుగు రోజులు వెతికి తిరిగొచ్చింది. ఇంకో వారానికి మా వరండాలోకి వచ్చి నిలబడింది.

"మా ఆయన బొమ్మలున్నాయంట కదండీ."

ముప్పై పైచిలుకు కాగితాలు పరిచాను. ఒక్కొక్కటే తీసి చూసింది.

"ఈళ్ళల్లో ఆయనేడండి?"

పెన్సిలు తీసుకుని మొహం వేయబోయాను. రాలేదు. కనుబొమ్మ మీద ఒక గాటుండేది. ఏ వైపు? ముక్కు ఎలా ఉండేది? అతని తలను పెన్సిలుతో ఎన్నిసార్లో కొలిచాను, కళ్ళు మాత్రం గుర్తు లేవు. వేసిన ప్రతి మొహానికీ ఆమె "కాదండి" అంది. చివరికి తనే, వీపు వేసిన కాగితం ఒకటి ముందుకు లాగింది.

"ఇక్కడ ఎత్తుంటదండి" అని వేలు పెట్టింది. "ఇంకా కుడికి. ఆ బుజం దించండి. మెడ అంత పొడుగుండదు."

చెరిపాను, వేశాను, మళ్ళీ చెరిపాను. కాగితం నూగు లేచింది. ఆమె ఒకసారి బొమ్మను, ఒకసారి తన అరచేతిని చూసుకుంటోంది. రోజూ అక్కడ నూనె రాసిన చెయ్యి అది.

"ఆఁ, చాలండి" అంది. "మొకం వద్దులెండి. పొద్దున్నే పన్లోకి పోయేటప్పుడు ఇట్టాగే కనపడేవోడు."

కాగితం చుట్టుకుంటూ అంది. "ముందు ఆదివారమే పోవాల్సినోడండి. మిల్లులో పనుందని ఆగాడు. అప్పుడే పోయుంటే సోమవారానికల్లా వచ్చేసుండేవోడు."

బొమ్మ కోసం ఆగానంటే తిడుతుందని అలా చెప్పి ఉంటాడు. నా చేతిలో రబ్బరు ఉంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది. నోరు తెరిచాను. "జాగ్రత్తగా వెళ్ళమ్మా" అన్నాను.

ఉప్పెన వల్ల వాయిదాపడ్డ పరీక్షలో చెయ్యెత్తిన మనిషినే వెయ్యమన్నారు. దిమ్మ లేకుండా, భుజాలు సమంగా వేసి పాసయ్యాను. ఆ ఉద్యోగమే ఇన్నేళ్ళు చేశాను. ఆమె కొన్నాళ్ళకు పాక ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడికో అడిగితే తెలిసేదే, అడగలేదు.

ఆ బొమ్మలో నిజమైనదంతా ఆమె చేతిది. ఆ ఆదివారం మిల్లులో పని లేదు. అతన్ని ఆపింది నేను.