బరువుకు పాయింట్ లేదు

తెలివితక్కువతనంలో కూడా స్థాయిలుంటాయి. ఇంకొకరు తవ్విన గోతిలో పడటం మామూలు స్థాయి. మన గొయ్యి మనమే తవ్వుకోవడం కాస్త పై స్థాయి. మనిషి పడటానికి గొయ్యి ఎంత లోతుండాలో ఆరేళ్ళు పరిశోధించి, ఆ సంగతి వ్యాసంగా అచ్చేయించి, ఆ కొలతల ప్రకారమే తవ్వుకుని పడటం మాత్రం అర్థశాస్త్రం లెక్చరర్లకే సాధ్యం. సూర్యాపేటలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో నేను ఆ స్థాయిని సునాయాసంగా అందుకున్నాను.

ఎనభైల నడిమి మాట. అప్పటికి నేను రాసింది ఒకే ఒక్క వ్యాసం. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీలకు రోజు కూలి కాకుండా బస్తా లెక్కన ఇస్తే ఏమవుతుంది అన్నది విషయం. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వెళ్ళి, లారీల పక్కన నిలబడి, తవుడు దుమ్ముకు తుమ్ముతూ ఆరేళ్ళు చూశాను. తేలింది ఇంతే: బస్తా లెక్కన కూలి కడితే పని మారదు, బస్తా మారుతుంది. నింపేది యజమాని కాబట్టి అది మెల్లమెల్లగా బరువెక్కుతుంది. దేన్ని లెక్కపెడతామో అది, నింపేవాడి చేతిలో సాగుతుంది. ఆ వ్యాసాన్ని ఒక మంచి పత్రిక వేసింది. తర్వాత ఇద్దరు పండితులు తమ రచనల్లో నన్ను ప్రస్తావించారు. ఒకాయన నాతో ఏకీభవించాడు. రెండో ఆయన నాకు బుద్ధి లేదని మర్యాదగా నిరూపించాడు. రెండో ఆయనది దూరదృష్టి.

మా యాజమాన్యానికి సూర్యాపేటలో ఒక కాలేజీ, కోదాడలో ఒక కాలేజీ ఉండేవి. రెండింటికీ కరస్పాండెంట్ మిర్యాలగూడలో సొంత మిల్లున్న వర్తకులొకరు. ఆ ఏడు ఒక లెక్చరర్‌ను పీహెచ్‌డీ చేయడానికి మూడేళ్ళ పాటు జీతంతో సెలవిచ్చి పంపే వీలు వచ్చింది. అడిగింది ఇద్దరం. నేను, కోదాడలో కామర్స్ చెప్పే ఒకాయన. నాకన్నా చిన్నవాడు, నన్ను ‘అన్నా’ అని పిలిచేవాడు. నాకు నలభై దగ్గరపడుతోంది. ఈసారి తప్పితే ఆ సెలవుకు వయసు దాటిపోతుంది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే జీతం లేకుండా చదువుకు పోలేను. కాబట్టి ఆ సెలవు నాకు కావాలి, గట్టిగానే కావాలి.

కరస్పాండెంట్ గారు నన్ను మిల్లుకు పిలిపించారు. నేను వెళ్ళేసరికి ఒక రైతు తెచ్చిన వడ్లు అరచేతిలో పోసుకుని, రెండు చేతులతో నలిపి, పొట్టు ఉఫ్‌మని ఊది, మిగిలిన గింజను పంటి కింద కటుక్కుమనిపించి ధర చెప్పేశారు. తర్వాత నా వైపు తిరిగారు.

“సార్, వడ్లయితే గిట్ల కొరికి చెప్త. మీ కాగితాలు కొరికితే నాకేం తెలుస్తది? ఇద్దరిట్ల ఎవరి చదువు ఎక్కువనో ఎట్ల కొలవాలె?”

“కొలవచ్చండి,” అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో అయిపోయేది.

“గట్లనా? అయితే ఆ కొలతేదో జర మీరే రాసియ్యిండ్రి. ఎకనామిక్స్ సార్లు గద.”

“నేను కూడా పోటీలో ఉన్నాను కదండీ.”

“ఉంటే ఏమైతది? కొలత ఇద్దరికీ ఒక్కటే గద. కోదాడ సారుకు గూడ ఒక కాపీ ఇద్దం. వచ్చే జూన్‌ల కూసొని చూద్దం.”

‘ఎకనామిక్స్ సార్లు గద’ అన్న మాటకు నేను కరిగిపోయాను. బస్సులో సూర్యాపేట చేరేలోపే పట్టిక తయారైంది. అచ్చయిన వ్యాసానికి ఒక పాయింటు, అది పరిశోధన. ఆ వ్యాసం ఏ వ్యాసంలోనైనా ప్రస్తావనకు వస్తే ప్రతిసారీ రెండు పాయింట్లు, అది ప్రభావం. చూడటానికి లారీలు తూచే ధర్మకాటా లాగే ఉంది. కానీ రెండో నిబంధన నా ఒంటి కొలతలకు కుట్టించుకున్న చొక్కా. నాకప్పటికే ఒక వ్యాసం, రెండు ప్రస్తావనలు, వెరసి ఐదు పాయింట్లు. కోదాడ ఆయనకు సున్నా. ఇక సెలవు కాగితం చేతికి రావడమే తరువాయి అనుకుని, యూనివర్సిటీ దగ్గర కిరాయి ఇళ్ళు ఎలా ఉంటాయో కూడా వాకబు చేశాను.

పట్టిక కాపీ అందాక కోదాడ ఆయన సూర్యాపేట బస్టాండులో కనిపించి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అన్నా, ఎంత బాగా రాశావ్! ఇంత వివరంగా చెబితే ఎవడికైనా పరిశోధన చేయాలనిపిస్తది గదా.”

“చెయ్ తమ్మీ, చెయ్,” అన్నాను ఉదారంగా.

చేశాడు. నేరేడుచర్ల దగ్గర ఒకే ఒక మిల్లుకు వెళ్ళి ఒకే ఒక సర్వే చేశాడు. మామూలు మనిషయితే దాన్ని ఒక వ్యాసం చేస్తాడు. ఈయన మిల్లు ఆడించినట్టే ఆడించాడు. వడ్ల మీద ఒక వ్యాసం, బియ్యం మీద ఒకటి, నూకల మీద ఒకటి, తవుడు మీద ఒకటి, చివరికి ఊక మీద ఒకటి. ఊకదంపుడు అనే మాటకు అంత కచ్చితమైన ఉదాహరణ నేను మళ్ళీ చూడలేదు. కోదాడలో ఒక ప్రెస్సు వాళ్ళు పెళ్ళిళ్ళ కాలంలో శుభలేఖలు, మూఢం వచ్చినప్పుడు ఒక పరిశోధన పత్రిక అచ్చేసేవారు. ఆ ఏడు మూఢం ఆయనకు బాగా కలిసొచ్చింది.

జూన్‌లో మిల్లు ఆఫీసులో కూర్చున్నాం. కరస్పాండెంట్ గారు, మేమిద్దరం. నా లెక్క ఐదు అని నేనే చెప్పాను, కొంచెం నిర్లక్ష్యంగా. కోదాడ ఆయన లేచాడు. వ్యాసాలు ఐదు. ఇక ప్రస్తావనలు. బియ్యం వ్యాసంలో వడ్ల వ్యాసాన్ని ప్రస్తావించాడు. నూకల వ్యాసంలో వడ్లనూ బియ్యాన్నీ. తవుడులో ఆ మూడింటినీ. ఊకలో అన్నింటినీ. పది ప్రస్తావనలు, ఇరవై పాయింట్లు. మొత్తం ఇరవై ఐదు.

“ఇది అన్యాయమండి,” అన్నాను. “తనను తానే ప్రస్తావించుకున్నాడు.”

“ఏ వ్యాసంలోనైనా అని రాశావ్ గదన్నా,” అన్నాడు వినయంగా. “వేరేవాళ్ళ వ్యాసంలో అని రాయలేదు.”

“సార్, మీరు ఆరేండ్లు తిరిగి ఒక్కటే రాసిన్రా?” అని కరస్పాండెంట్ గారు జాలిగా అడిగారు.

“ఒక్కటే. కానీ బరువైనదండి.”

“బరువుకు మీరు పాయింట్ వెట్టలే గద సార్.”

నిజమే, పెట్టలేదు. ఉటంకింపు కాస్తా ఉట్టి అంకె అయింది. ప్రభావంలో భావం పోయి ప్రభ మిగిలింది. ఆ ప్రభ కట్టుకుని కోదాడ ఆయన మూడేళ్ళ సెలవు మీద ఊరేగుతూ వెళ్ళిపోయాడు. నేను ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ అంతా విని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంది:

“మీ బస్తాల వ్యాసం నాకు రెండుసార్లు సదివి ఇనిపిస్తిరి గద. మీరు ఇనలేదా?”

వినలేదు. మిల్లులో బస్తా నింపేది యజమాని కాబట్టి బరువెక్కుతుందని కనిపెట్టినవాణ్ణి, కాలేజీలో వ్యాసం నింపేది రాసేవాడే కాబట్టి తేలికవుతుందని ఊహించలేకపోయాను. పైగా ఆయన పాఠాలు ఆగకూడదని వారానికి రెండు రోజులు నన్నే కోదాడ పంపారు. విజయవాడ వెళ్ళే బస్సుల్లో నిలబడి నేను చాలా ఆలోచించాను. సీటు దొరికితే నిద్రపోయేవాణ్ణి కాబట్టి, నా తర్వాతి పరిశోధనకు ఆర్టీసీ వారికి సగం ఘనత దక్కాలి.

వయసు హద్దు సెలవుకే, చదువుకు కాదు. పాఠాలు చెబుతూనే, రాత్రిళ్ళూ ఆదివారాలూ కూడబెట్టి పీహెచ్‌డీ పూర్తి చేశాను. మూడేళ్ళలో కావలసింది ఏడేళ్ళు పట్టింది. ఆ పైన పట్టిన నాలుగేళ్ళూ మా ఆవిడవి. పిల్లల చదువులూ చుట్టాల పెళ్ళిళ్ళూ ఆమే ఒంటిచేత్తో చూసుకుంది.

తొంభైలు వచ్చేసరికి మేనేజ్‌మెంట్ కోర్సులు వెల్లువెత్తాయి. పండితుల్ని పాయింట్లతో తూచే అలవాటు మా జిల్లా దాటి, నా పట్టిక అవసరం లేకుండానే, అంతటా పాకింది. అప్పుడు నేను రెండో వ్యాసం రాశాను. వ్యాసాల్ని లెక్కపెడితే వ్యాసాలకు ఏమవుతుంది అన్నదే అందులో విషయం. హమాలీ బస్తాలతో మొదలుపెట్టి, ‘ఒక పరిశోధకుడు’ ఒకే మిల్లును ఐదు వ్యాసాలుగా ఆడించిన వైనం పూసగుచ్చినట్టు రాశాను. పట్టిక తయారుచేసిన వాడి తెలివినీ వదల్లేదు. పేరున్న పత్రిక తీసుకుంది. ప్రూఫులు పంపుతూ సంపాదకుడు, ఆ పరిశోధకుడెవరో కింద ఒక ఫుట్‌నోట్ ఇస్తారా అని అడిగాడు.

ఆ సంగతి ఎలా పొక్కిందో గానీ, ఒక ఆదివారం పొద్దున కోదాడ ఆయన మా ఇంట్లో ప్రత్యక్షమయ్యాడు. ఇప్పుడు డాక్టరు గారు. ఒక కొత్త మేనేజ్‌మెంట్ కాలేజీలో ప్రొఫెసర్ పోస్టుకు పెట్టుకున్నాడు. తగవుకు వచ్చాడనుకుని నేను సర్దుకుని కూర్చున్నాను.

“అన్నా, ఆ తవుడు, ఊక... నావే గదా?”

“నీవని రాశానా తమ్మీ?”

“రాయలేదనే గదన్నా నా బాధంతా! ఒక పరిశోధకుడు ఏంటన్నా, నాకు పేరు లేదా? తిట్టు. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. కానీ పేరు పెట్టి తిట్టు. కింద నా ఐదు వ్యాసాలూ వేసి మరీ తిట్టు.”

“పరువు పోతది గద.”

“పరువుకు పాయింట్ లేదన్నా, ప్రస్తావనకుంది. అంత పెద్ద పత్రికలో వస్తే మామూలు దానికి మూడింతలు కట్టిస్తారు. ఇప్పుడు నాకు తక్కువైన పాయింట్లు అవే.”

చాయ్ తెచ్చిన మా ఆవిడకు కూడా జాలేసింది. “రాయరాదుండ్రి. అంత దూరం నుంచి వచ్చి తిట్టుమని బతిమిలాడవట్టె.”

“ఫుట్‌నోట్ ఇస్తాను,” అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన ఎదురుగానే ప్రూఫు తీసి, పేజీ అడుగున స్ఫుటంగా రాసి, చదువుకోమని ఇచ్చాను:

‘ఈ పరిశోధకుని గౌరవాన్ని దృష్టిలో ఉంచుకొని పేరు ఇవ్వడం లేదు.’

ఆయన రెండుసార్లు చదివాడు. “ఇంత గౌరవం నాకెందుకన్నా,” అన్నాడు, ఏడుపు గొంతుతో. చాయ్ సగంలో వదిలేసి బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ పోస్టు ఆయనకు తర్వాతి ఏడు ఎలాగూ వచ్చింది. నా వ్యాసాన్ని చాలామంది ప్రస్తావించారు, ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ‘ఆ ఐదు వ్యాసాల మహానుభావుడు ఎవరండీ?’ అని ఉత్తరం రాస్తారు. నేను వెంటనే జవాబు రాస్తాను. క్షేమసమాచారాలు రాస్తాను, మిర్యాలగూడ మిల్లుల సంగతులు రాస్తాను, అడిగితే ఊక గుణగణాలు కూడా రాస్తాను. పేరు మాత్రం రాయను.