అమ్మ కదిలించనివ్వని పోస్టాఫీసు డబ్బు

మా చిన్నప్పుడు... సాయంత్రం ముందు తుమ్ములొచ్చేవి, వెనకాల నాన్న వచ్చేవాడు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ఆయన గుమాస్తా. ఘాటు పట్టిన చొక్కా పెరట్లో దండెం మీద పడేసి, రెండు బకెట్ల నీళ్ళు పోసుకున్నాకే నన్ను దగ్గరికి రానిచ్చేవాడు...

తొంభైల చివర్లో ఒక ఆదివారం పొద్దున సుబ్బయ్య తాత మా ఇంటికొచ్చాడు. నాన్నకు కాటా దగ్గర పని నేర్పింది ఆయనే. అదే కొట్టులో నలభై ఏళ్ళు చేశాక, చేతులు వణుకుతున్నాయని మానిపించేశారు.

"ఒరేయ్ రాఘవా, షావుకారుకి ఒక్క మాట చెప్పరా. గేటు కాడ కూర్చోబెట్టినా చాలు" అన్నాడు.

అమ్మ ఇచ్చిన కాఫీ సగం ఆయన పంచె మీదే ఒలికింది. నాన్న తన తువ్వాలుతో తుడిచాడు.

తర్వాత నాన్న షావుకారుని అడిగి తాతని గేటు దగ్గర పెట్టించాడు గానీ, ఆ ఆదివారం మాత్రం నాన్నకి అన్నం సయించలేదు.

"తాతని వాళ్ళ పిల్లలు చూడరా అమ్మా?" అన్నాను.

"మంచోళ్ళేనే... వాళ్ళకే చాలీచాలకుండా ఉంది" అని, నాన్న వైపు తిరిగింది అమ్మ. "ఏవండీ, మనక్కూడా పింఛను లేదు గదా."

మర్నాటి నుంచి అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. సాయంత్రం వచ్చి, మండే వేళ్ళు మజ్జిగలో ముంచుకుని వసారాలో కూర్చునేది. ఆ కూలిలో ఒక్క రూపాయి కూడా ఇంట్లోకి వాడలేదు. నెలనెలా పోస్టాఫీసులో కట్టేది. దసరాకి షావుకారు నాన్నకిచ్చే బోనసూ అందులోకే. గడువు తీరితే మళ్ళీ అక్కడే వేసేవాళ్ళు. మా ఇంట్లో దాని పేరు 'ముసలోళ్ళ డబ్బు'...

నేను పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాను. స్నేహితురాళ్ళంతా హాస్టలున్న పెద్ద ప్రైవేటు కాలేజీలో చేరుతున్నారు. ఆ ఫీజు నాన్న జీతానికి అందేది కాదు. నేనే అన్నాను, "ముసలోళ్ళ డబ్బు ఉంది గదా!" అని.

నాన్న మెత్తబడ్డాడు. పాసుబుక్కు జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడింది.

"వద్దండీ. గవర్నమెంటు కాలేజీలో చేరుద్దాం. పుస్తకాలకి నేను సెలవు రోజుల్లో కూడా పనికెళ్తా. ఇది మాత్రం కదిలించొద్దు."

"అయితే నాకంటే మీ ముసలితనమే ఎక్కువా?" అని అరిచాను.

అమ్మ కోప్పడలేదు. "రేపు నీ మీద పడకూడదనే తల్లీ" అంది. పని నుంచి వచ్చిన చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. మంటకి ఇంకా నీళ్ళు కారాయి. నేను లేచి ఒక చెంబుడు నీళ్ళయినా ఇవ్వలేదు...

రెండు నెలలు అమ్మతో మాట్లాడలేదు. గవర్నమెంటు కాలేజీలోనే చదివాను. ఇంజినీరు కాలేదు, టీచరునయ్యాను. బాధ లేదా అంటే... కొన్నాళ్ళు ఉండేది.

అరవై నిండకముందే మిర్చి ఘాటుకి నాన్నకు దగ్గు పట్టుకుంది. డాక్టరు గారు పని మానేయమన్నారు. "ఈ ఒక్క సీజనూ చెయ్యి రాఘవా" అన్నాడట షావుకారు. "చాలండి, ఇక రాను" అని దణ్ణం పెట్టి వచ్చేశాడు నాన్న. ఆ మాట అనగలగడం ఎంత పెద్ద సంగతో అప్పుడు తెలిసింది నాకు.

ముసలోళ్ళ డబ్బంతా పోస్టాఫీసులోనే నెలనెలా వడ్డీ వచ్చేలా వేసుకున్నారు. మొదటి నెల వడ్డీ రాగానే ఇద్దరూ నన్ను వెంటబెట్టుకుని కొత్తపట్నం బీచికి వెళ్ళారు. అన్నేళ్ళలో అమ్మ సముద్రం చూడలేదు. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేకలు పెట్టింది. నాన్న ఒడ్డున కూర్చుని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఆ రోజు నిన్ను అట్లా అన్నానమ్మా..." అన్నాను, తన చెయ్యి పట్టుకుని.

"ఏ రోజు?" అంది అమ్మ. నిజంగానే మర్చిపోయిందో, నా కోసం మర్చిపోయిందో... అడగలేదు నేను.

ఇప్పటికీ మందులకి, కళ్ళజోడుకి వాళ్ళు నా వైపు చూడరు. నేను ఫోన్ చేస్తే "నీకేమన్నా కావాలా?" అని అమ్మే అడుగుతుంది.

ఇప్పుడు ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే డబ్బు పొదుపులో పడుతుంది, ఇంకోసారి నొక్కితే బయటికొచ్చేస్తుంది. మా అమ్మాయి అడిగిందేదీ కాదనలేక నేను రెండోదే ఎక్కువ నొక్కుతున్నాను. పిల్లల మీద ప్రేమతోనే పిల్లలకి 'లేదు' అని చెప్పగలిగిన గుండె మా అమ్మది... నాకింకా రాలేదు.

మీ ఇంట్లోనూ అలా 'లేదు' అన్నవాళ్ళు ఉండే ఉంటారు. అప్పుడు ఎంత ఏడ్చారో, ఇప్పుడు ఏమనిపిస్తోందో... రాయండి, చదువుకుంటాను.